రేకుల షెడ్డులో ఇన్‌స్టంట్ కాఫీ: చెన్నై ఉక్కకు ఏది తట్టుకుంటుంది?

చెన్నైలో డాబా మీద తోట పెంచేవాళ్ళ ఇళ్ళలో ఓ మూల రేకుల షెడ్డు తప్పకుండా ఉంటుంది. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వేపపిండి, నీళ్ళ పైపులు అన్నీ అందులోనే. కొన్నాళ్ళకు ఓ స్టూలు, ఓ కరెంటు కెటిల్, ఓ కాఫీ సీసా కూడా అక్కడికి చేరతాయి. పొద్దున ఆరింటికి మొక్కలకు నీళ్ళు పెట్టడానికి పైకెక్కిన మనిషి, కాఫీ కోసం మళ్ళీ మూడంతస్తులు దిగి ఎక్కాలంటే కష్టం. అరవై దాటినవాళ్ళకైతే మరీను. కాబట్టి కాఫీ షెడ్డులో ఉండాల్సిందే. ఏ రకం కొనాలి, దేనిలో పెట్టాలి అన్నదే తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెన్నై షెడ్డుకు ఒక్కో కప్పుకు సరిపోయే చిన్న ప్యాకెట్లే అన్నిటికన్నా మంచివి. వాటిని మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి పెట్టుకోవాలి. ప్యాకెట్ల చెత్త ఇష్టం లేనివాళ్ళు, రోజూ నాలుగైదు కప్పులు కలుపుకునే ఇళ్ళవాళ్ళు 50 గ్రాముల గాజు సీసా వాడండి. పెద్ద సీసా, పెద్ద ప్యాకెట్టు కింద వంటింట్లోనే ఉండనివ్వండి. మిగతా పద్ధతులన్నీ ఈ రెండింటి తర్వాతే.

మూడు గ్రాముల నీళ్ళు చాలు

ఇన్‌స్టంట్ కాఫీ గింజల పొడి కాదు. డికాక్షన్ తీసి, అందులోని నీళ్ళన్నీ ఆవిరి చేస్తే మిగిలే పదార్థం. నీళ్ళు కనిపిస్తే చాలు కరిగిపోవడమే దాని పని, గాలిలో ఉన్న నీళ్ళయినా సరే. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఇందులో తేమ 4 శాతం మించకూడదు. తెనాలి పక్కన దుగ్గిరాల ఫ్యాక్టరీలో తయారైనదైనా, ఇంకెక్కడిదైనా ఆ లెక్కకు లోబడే బయటికి వస్తుంది. ఆ తేమ 7, 8 శాతానికి చేరేసరికి గడ్డకడుతుంది. అంటే 100 గ్రాముల కాఫీని పాడుచేయడానికి మూడు, నాలుగు గ్రాముల నీళ్ళు చాలు. ఒక టీ స్పూను కూడా నిండదు.

ఆ నీళ్ళు ఏ దారిన వస్తాయో చూస్తే ఏం కొనాలో సగం తేలిపోతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో లీటరుకు సుమారు 24 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అర లీటరు సీసా మూత తీసి మూసిన ప్రతిసారీ లోపలి గాలి మొత్తం మారిపోయిందనుకున్నా, కొత్తగా వచ్చేది 12 మిల్లీగ్రాములే. రోజుకు రెండుసార్లు తీస్తే మూడు గ్రాములు చేరడానికి నాలుగు నెలలు పడుతుంది. అదే ఒక నీటి బొట్టు బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. బొట్టంత తడి ఉన్న స్పూనును రోజుకు రెండుసార్లు ముంచితే నెల రోజుల్లో అదే మూడు గ్రాములు లోపల ఉంటాయి. నిజానికి నెల కూడా అక్కర్లేదు. బొట్టు పడ్డచోట ఆ రోజే ఉండ కడుతుంది.

పొగలు కక్కే కప్పు మీద సీసా వంచి పొడి దులపడం ఇంకా చెడ్డ అలవాటు. ఆవిరి నేరుగా సీసా మెడలోకి పోయి అక్కడే నీళ్ళవుతుంది. ముందు కప్పులో పొడి వేసి, మూత పెట్టేసి, ఆ తర్వాతే కెటిల్ ముట్టుకోవాలి. స్పూను సీసాలోనే ఉంచేయడం కూడా వద్దు. దాని కాడ వల్ల మూత సరిగా కూర్చోదు.

మూత వదులుగా ఉంటే పై లెక్కంతా పనికిరాదు. అది ఇరవై నాలుగ్గంటలూ తెరిచి ఉన్నట్టే. పైగా రేకుల షెడ్డులో పగటికీ రాత్రికీ వేడి తేడా ఎక్కువ. 15 డిగ్రీల తేడా ఉంటే సీసాలోని గాలిలో ఇరవయ్యో వంతు పగలు వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక అంత గాలి మళ్ళీ లోపలికి వస్తుంది, తేమతో సహా. వదులు మూత ఉన్న సీసా షెడ్డులో రోజూ ఊపిరి తీస్తూ ఉంటుంది.

ఎండ సంగతీ చెప్పాలి. రోహిణీ కార్తెలో రేకు కింద ఎంత కాగుతుందో అందరికీ తెలుసు. పొడిగా ఉన్న కాఫీ ఆ వేడికి అంత సులభంగా అంటుకోదు. కాస్త తేమ పట్టిన కాఫీ మాత్రం అదే వేడికి మెత్తబడి, పలుకులు ఒకదానికొకటి అతుక్కుని, సాయంత్రం చల్లబడేసరికి రాయిలా తయారవుతుంది. అందుకే కొన్ని సీసాలు కార్తీకం వానల్లో బాగానే ఉన్నట్టు కనిపించి మే నెలలో గడ్డకడతాయి. చెన్నైలో ఎండాకాలం కూడా పొడిగా ఉండదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఉక్క మొదలవుతుంది.

ఏ కాఫీ కొనాలి

రకాల మధ్య తేడా ఉంది గానీ, డబ్బాల మధ్య ఉన్నంత లేదు.

చికోరీ కలిసిన కాఫీ, కలవని కాఫీ అన్నది మొదటి తేడా. నెస్కెఫే క్లాసిక్ లాంటివి పూర్తిగా కాఫీ. బ్రూ ఇన్‌స్టంట్, సన్‌రైజ్ లాంటి వాటిలో చికోరీ ఉంటుంది. ఎంత శాతమో ప్యాకెట్టు మీద అచ్చువేసి ఉంటుంది, చూసి కొనండి. పాలతో కలిపితే చికోరీ కాఫీకి చిక్కదనం వస్తుంది, ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు అదే దగ్గరగా ఉంటుంది. కానీ చికోరీలో చక్కెర జాతి పదార్థాలు ఎక్కువ కాబట్టి తేమ పీల్చి జిగురెక్కడంలో అది ముందుంటుంది. షెడ్డులో నల్ల కాఫీ తాగేవాళ్ళకు చికోరీ లేనిదే మేలు. చికోరీ లేకపోతే కాఫీ తాగినట్టే ఉండదనేవాళ్ళు సీసా జోలికి పోకుండా చిన్న ప్యాకెట్లు కొనుక్కోండి, ఆ బలహీనత బాధించదు.

రెండోది పొడి రూపం. మెత్తటి పొడి త్వరగా గడ్డకడుతుంది, చిన్న చిన్న పలుకులుగా ఉన్నది కాస్త ఆగుతుంది. డికాక్షన్‌ను మంచులా గడ్డకట్టించి ఎండబెట్టే పద్ధతిలో చేసిన ఫ్రీజ్ డ్రైడ్ కాఫీ వాసనలో బాగా మెరుగు, ఖరీదూ ఎక్కువే. అది కూడా తేమకు లొంగేదే. అంత ఖరీదైన కాఫీని రేకుల కిందికి తీసుకెళ్ళడం నాకు మనసొప్పదు. వంటింట్లోనే ఉంచుకుని, తీరిగ్గా కూర్చుని తాగండి.

పాలపొడి, చక్కెర, కాఫీ మూడూ కలిపి అమ్మే ప్రీమిక్స్‌ను పెద్ద ప్యాకెట్టుగా షెడ్డులో పెట్టకండి. పాలపొడి కూడా తేమ పీలుస్తుంది, అందులోని కొవ్వు వేడికి ముక్కిపోతుంది. కాఫీ బాగున్నా కప్పు బాగుండదు. అదే ప్రీమిక్స్ ఒక్క కప్పు ప్యాకెట్లుగా దొరికితే, రెండు వారాలకు మించి నిల్వ పెట్టకుండా వాడుకోవచ్చు.

ఇన్‌స్టంట్ ఎందుకు, ఫిల్టర్ కాఫీ పొడే పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్ళున్నారు. ఫిల్టర్ పొడి అంత తేలిగ్గా గడ్డకట్టదు. కానీ మరపట్టిన పొడి వాసన రోజుల్లోనే తగ్గిపోతుంది, షెడ్డు వేడికి ఇంకా త్వరగా. డికాక్షన్ కింద తీసి చిన్న ఫ్లాస్కులో పైకి తీసుకెళ్ళే ఓపిక ఉంటే అంతకన్నా మంచి కాఫీ లేదు. అప్పుడు ఈ డబ్బాల బాధే ఉండదు.

దేనిలో పెట్టాలి

చిన్న ప్యాకెట్టుతోనే మొదలుపెడదాం. బడ్డీ కొట్ల ముందు దండల్లా వేలాడేవి ఇవే. పొరలుపొరలుగా అతికిన ఫాయిల్ కవరు తేమనూ గాలినీ వెలుతురునూ ఆపుతుంది. ఒకసారి చింపితే కప్పులోకే. తడి స్పూను, వదులు మూత అన్న సమస్యలు రావు. గ్రాము ధర సీసా కంటే ఎక్కువ పడవచ్చు. కానీ సగం సీసా గడ్డకట్టి పారబోస్తే ఆ మిగులు ఎక్కడిది? వీటితో ఉన్న ఇబ్బందులు రెండు. ఒకటి చెత్త. ఈ కవర్లు మట్టిలో కలిసేవి కావు, కంపోస్టు డ్రమ్ములో పడకుండా విడిగా తీయాలి. రెండోది ఎలుకలు. చెన్నై డాబాల మీద ఎలుకలు, ఉడతలు రెండూ తిరుగుతాయి, ప్రీమిక్స్ ప్యాకెట్లనైతే అసలు వదలవు. అందుకే ప్యాకెట్లను దండగా మేకుకు వేలాడదీయకుండా డబ్బాలో పెట్టాలి. ఈ పనికి మామూలు స్టీలు డబ్బా చాలు, తేమను ఆపే పని కవరే చూసుకుంటుంది.

తర్వాతి స్థానం గాజు సీసాది. గాజులోంచి తేమ రాదు, వాసన రాదు. బలహీనత అంతా మూతలోనే. కొత్త సీసా తెరిచినప్పుడు పైనున్న కాగితం పొరను స్పూనుతో పొడిచి వదిలేస్తుంటారు. ఆ చింపులు అంచుకు అంటుకుని ఉంటే మూత గాజుకు ఆనదు. అంచు మొత్తం గీకి, పొడి గుడ్డతో తుడవాలి. మూత మరల్లో పొడి ఇరుక్కుంటే అదీ తుడవాలి. తండయారుపేట, రాయపురం, తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు ఇనుప రేకు మూతలు వద్దు, ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ప్లాస్టిక్ మూత ఉన్న సీసా చూసుకోండి.

సీసా సైజు మీద మాత్రం రాజీ పడకండి. కప్పుకు రెండు గ్రాముల లెక్కన 50 గ్రాముల సీసా పాతిక కప్పులు. ఇద్దరు మనుషులు పొద్దున, సాయంత్రం తాగితే వారం రోజులు కూడా రాదు. పాడయ్యే లోపే అయిపోతుంది. 200 గ్రాముల సీసా చవగ్గా వస్తుందని షెడ్డులో పెడితే చివరి సగం ఎప్పుడూ చెడ్డ కాఫీయే. చవక కావాలంటే రీఫిల్ ప్యాకెట్టు కొని కింద పెట్టుకుని, చిన్న సీసా అయిపోయినప్పుడల్లా నింపుకోండి. అడుగున పాతది ఉండగా పైన కొత్తది పోయవద్దు. సీసా కడిగి, ఎండలో ఆరబెట్టి, నీడలో చల్లార్చాకే నింపాలి. ఎండలోంచి తెచ్చిన వేడి సీసాలో వెంటనే పొడి పోయకండి.

నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో సిలికాన్ రింగు ఉండే ప్లాస్టిక్ డబ్బాలు తేమను బాగా ఆపుతాయి. గాజు కంటే తేలిక, కిందపడినా పగలవు. రింగు బిగుతుగా ఉన్నంత కాలమే ఆ గుణం. షెడ్డు వేడికి రింగు సాగుతుంది, క్లిప్పులు పెళుసెక్కుతాయి. ప్లాస్టిక్ వాసనలు పట్టుకుంటుంది కూడా, ఒకప్పుడు మసాలా పోసిన డబ్బాలో కాఫీ పోస్తే అది కాఫీలా ఉండదు. ఇలాంటి డబ్బాను నేరుగా పొడికి వాడేకన్నా, ప్యాకెట్లకో గాజు సీసాకో పైపెట్టెగా వాడటం ఉత్తమం. ప్యారీస్ కార్నర్ సందుల్లో ఇలాంటి సామాను అన్ని సైజుల్లో దొరుకుతుంది. కొనేముందు రింగు వేలితో లాగి చూడండి, గాడిలోంచి ఊరికే ఊడివస్తే తీసుకోవద్దు.

స్టీలు డబ్బాలో నేరుగా కాఫీ పొడి పోయడం మన ఇళ్ళలో అలవాటే. వంటింట్లో అయితే సరే. షెడ్డులో వద్దు. రింగు లేని స్టీలు మూత ఎంత బిగుతుగా కనిపించినా గాలి ఆడుతుంది, స్టీలు త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది.

జిప్ ఉన్న రీఫిల్ కవరును అలాగే పైకి తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట. రెండోసారి తెరిచేసరికి ఆ జిప్ గాడిలో పొడి చేరుతుంది, మూడోసారికి మూసినట్టే ఉంటుంది గానీ మూసుకోదు. షెడ్డుకు ఇది అన్నిటికన్నా అధమం. గాలి లాగేసే వాక్యూమ్ డబ్బాలు పని చేస్తాయి, కానీ రోజూ తెరిచే కాఫీకి అంత డబ్బు అనవసరం.

ఏ డబ్బా అయినా ఓసారి పరీక్ష చేసుకోండి. ఖాళీ డబ్బాకు మూత పెట్టి, మూత పైకి ఉండేలా బకెట్టు నీళ్ళలో పూర్తిగా ముంచి కాసేపు అలాగే పట్టుకోండి. బుడగలు వస్తే ఆ మూత షెడ్డుకు పనికిరాదు. నెగ్గిన డబ్బాను ఒకరోజంతా ఆరనివ్వాలి.

బియ్యం, సిలికా జెల్, ఫ్రిజ్

కాఫీ సీసాలో గుప్పెడు బియ్యం మూట కట్టి వేయమని చాలామంది చెబుతారు. ఉప్పు డబ్బాకు అది పని చేసిందని కాఫీకీ చేస్తుందనుకోవద్దు. మామూలు బియ్యంలోనే 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది, కాఫీలో 4 శాతం లోపే. రెండింటినీ ఒకే సీసాలో మూసిపెడితే తేమ బియ్యంలోంచి కాఫీలోకి నడుస్తుంది. కాపాడుతుందనుకున్నదే పాడుచేస్తుంది. బియ్యాన్ని ఎర్రగా వేయించి, చల్లార్చి, వెంటనే వేస్తే కొంత తేమ పీల్చే మాట నిజమే. అయినా కొద్ది రోజులకే మళ్ళీ మామూలు బియ్యమైపోతుంది.

సిలికా జెల్ సంగతి వేరు. బాగా తేమగా ఉన్న గాలిలో తన బరువులో మూడో వంతు దాకా నీళ్ళు పట్టుకోగలదు. 50 గ్రాముల జెల్ అంటే పదిహేను గ్రాముల నీళ్ళు. దాన్ని కాఫీ పొడిలో పడేయకుండా, కాఫీ సీసా ఉన్న పైపెట్టెలో వేయాలి. ఆహారానికి వాడదగినదని రాసి ఉన్న తెల్ల ప్యాకెట్లే తీసుకోండి. నీలం నుంచి గులాబీ రంగుకు మారే పూసల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది తిండి దగ్గరికి రాకూడదు. చెప్పుల పెట్టెల్లోంచి, బ్యాగుల్లోంచి ఏరి దాచిన ప్యాకెట్లు అప్పటికే తేమ తాగి ఉంటాయి, వాటి మీద నమ్మకం పెట్టుకోవద్దు. బీరువాల్లో వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులు ఇంకా వద్దు. అవి పీల్చిన తేమ ఉప్పునీళ్ళయి అడుగున చేరుతుంది, కారితే మొత్తం పాడు. ఆక్సిజన్ పీల్చే ప్యాకెట్లు తేమకు మందు కావు, రోజూ తెరిచే డబ్బాలో ఆ పని కూడా చేయలేవు.

షెడ్డులోకి చిన్న ఫ్రిజ్ చేరిందా? తెరిచిన కాఫీని అందులో పెట్టకండి. వానాకాలం చెన్నైలో ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసా నిమిషంలో చెమర్చినట్టే, చల్లటి కాఫీ సీసా మూత తీయగానే లోపలి గోడలకూ పొడికీ నీళ్ళు పడతాయి.

షెడ్డులో ఎక్కడ

పైన రేకు వేడి, కింద నేల చెమ్మ. మధ్య అరే మంచిది. పడమటి ఎండ కొట్టే గోడ వద్దు, కెటిల్ పక్కన వద్దు. మందుల షాపులవాళ్ళు పారేసే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చుకుని శుభ్రం చేసి, సీసానో ప్యాకెట్ల డబ్బానో అందులో పెడితే పగలు, రాత్రి వేడి తేడా బాగా తగ్గుతుంది. పైసా ఖర్చు లేని పని, తేడా మాత్రం బాగా తెలుస్తుంది. వేపనూనె, వేపపిండి, వర్మీ కంపోస్టు, కిరసనాయిలు ఉన్న అరలో కాఫీ ఉండకూడదు. పురుగుమందులుంటే అసలు ఆ బీరువాలోనే ఉండకూడదు.

బెంగళూరులో ఉన్నవాళ్ళు ఇంత కంగారు పడక్కర్లేదు. 900 మీటర్ల ఎత్తున్న ఊరు, సముద్రపు ఉక్క లేదు, రేకు కింద కూడా చెన్నై అంత కాగదు. మా అక్క వాళ్ళు అక్కడి పెరటి షెడ్డులో మామూలు 100 గ్రాముల సీసాయే వాడతారు, పొడి చివరిదాకా పలుకులుగానే ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా, వాన ముసురులో మాత్రం సీసాను పైపెట్టెలో పెడితే సరిపోతుంది.

చెన్నైలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు కోసం వేరే ఏర్పాటు కావాలి. ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే కురుస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే కాఫీ డబ్బాను కెటిల్‌తో సహా కిందికి దించేయండి. ఈదురుగాలికి వాన రేకుల సందుల్లోంచి అడ్డంగా కొడుతుంది.

గడ్డకట్టినది ఏం చేయాలి

గట్టిగా ఉండలు కట్టి, పొడిగా, మామూలు కాఫీ వాసనతో ఉంటే ఉండ పగలగొట్టి వేడినీళ్ళలో వేయండి, కరుగుతుంది. వాసన తగ్గి ఉంటుంది గానీ తాగడానికి ఇబ్బంది లేదు. తారులా జిగటగా సాగుతుంటే, ముక్కిన వాసన వస్తుంటే, ఎక్కడైనా బూజు చుక్క కనిపిస్తే మొత్తం పారేయండి. పైపైన తీసేసి అడుగుది వాడటం వద్దు. ఎండబెడితే బాగవుతుందని పళ్ళెంలో పోసి డాబా మీద పెట్టడమూ వద్దు, చెన్నై గాలిలో అది ఎండే లోపు ఇంకా పీలుస్తుంది.

ఖాళీ అయిన గాజు సీసాలు తోటకు బాగా పనికొస్తాయి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర విత్తనాలు బాగా ఎండబెట్టి వాటిలో పోసి, చిన్న సిలికా జెల్ ప్యాకెట్టు వేసి మూత బిగిస్తే వచ్చే పంట దాకా దాచుకోవచ్చు. మీద పేరు, నెల రాసి అతికించండి. యూరియా, మైలుతుత్తం, పురుగుమందు మాత్రం పొరపాటున కూడా కాఫీ సీసాలో పోయకండి. తెల్లవారుజామున చీకట్లో చెయ్యి అలవాటు కొద్దీ ఆ సీసా మీదికే పోతుంది. ఇంట్లో పిల్లలకైనా, తోటపనికి వచ్చే మనిషికైనా అది కాఫీ సీసాలాగే కనిపిస్తుంది. ఆ మందులను అవి వచ్చిన డబ్బాల్లోనే, తాళం వేసే అరలో ఉంచండి.